ఒక్కపొద్దుల వాడలో సోదా

1980 డిసెంబరులో నన్ను కరీంనగర్ జిల్లాలోని ఒక తాలూకా కేంద్రానికి ఎక్సైజ్ సబ్-ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఊరి పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రొబేషన్‌లో ఉన్నాను, అంటే పైఅధికారి మంచి మాట రాస్తే తప్ప ఉద్యోగం ఖాయం కాని దశ.

మా శాఖ గురించి నాలుగు మాటలు చెప్పాలి. స్టేషన్‌కు పెద్ద ఇన్‌స్పెక్టర్. ఆయన కింద నేను, నా కింద ఒక జమేదారు, నలుగురు జవాన్లు. ఆ రోజుల్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాట పాడుకున్న కంట్రాక్టర్ తన ఇలాకాలో దుకాణాలు పెట్టుకుని, నెలనెలా నిర్ణయించినంత సరుకు ఎత్తి అమ్ముకోవాలి. అమ్ముడు పోకపోయినా సర్కారుకు కట్టవలసింది కట్టవలసిందే. అందుకని ఎక్కడైనా దొంగసారా, అంటే గుడుంబా కాస్తున్నారని తెలిస్తే మాకంటే ముందు అతనికి కాలేది. పట్టుకోవలసింది మేము, పట్టివ్వవలసింది అతను. కాగితం మీద అంతే. నిజంలో మా స్టేషన్ జీపు అతని పెట్రోలుతోనే నడిచేది. ఎటు పోవాలో చాలాసార్లు అతని గుమాస్తానే చెప్పేవాడు. చేరిన కొత్తలో ఇది నాకు వింతగా తోచింది. రెండు నెలలకు అలవాటైంది.

కంట్రాక్టర్ పేరు నర్సింగరావు. నోరు మంచిది, ఎవరినీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. మార్చి నెలలో ఒక ఉదయం స్టేషన్‌కు వచ్చి ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చున్నాడు. ఊరికి దూరంగా, వాగు దాటినాక కొత్తవాడ అని ఉండేది. అరవై డెబ్బై గడపలు, అందరూ క్రైస్తవులు. కూలి చేసుకునేవాళ్లు, తోళ్ల పని తెలిసినవాళ్లు, బొగ్గుబావుల్లో పనికి పోయి వచ్చేవాళ్లు. ఆ వాడ నుంచి రెండు వారాలుగా ఒక్క మనిషి కూడా సారా దుకాణం గడప తొక్కలేదని అతని ఫిర్యాదు.

"మనిషన్నోడు ఒక్కపాలి తాగుడు బందు వెడ్తడా ఎస్సై సాబ్? వాడకు వాడ? ఒక్కపొద్దులని అంటున్నరట, నమ్మేటి ముచ్చటేనా?" అన్నాడు నావైపు తిరిగి. "ఇప్పపువ్వు రాలే దినాలు. ఇంట్లనే బట్టీలు వెట్టిండ్రు. మీరు ఒక్కసారి పోయి సూడుండ్రి."

ఆ తర్కం నాకూ సబబుగానే తోచింది. మాది వేములవాడ దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. ఒక్కపొద్దులు మా ఇంట్లో కొత్త కాదు. మా అవ్వ సోమవారాలు ఉండేది, శివరాత్రికి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. కానీ ఉపవాసమంటే ఇంట్లో ఆడవాళ్ల వ్యవహారమనే నా ఎరుక. బావిలో దిగి బొగ్గు తవ్వే మగవాళ్లు, వాడంతా కలిసి, ఇన్ని రోజులు సారా మానేస్తారంటే నేనూ నమ్మలేదు. అది వాళ్లకు శ్రమకాలమని, ఈస్టరు పండుగకు ముందు నలభై రోజులు దీక్షగా ఉంటారని మా స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని అడిగినవాళ్లూ లేరు.

మరునాడు ఉదయం సోదాకు పోయాము. నేను, జమేదారు రాజలింగు, ఇద్దరు జవాన్లు, ముందు సీట్లో నర్సింగరావు గుమాస్తా. సోదాకు ఇద్దరు పంచులు ఉండాలి. అంటే ఏ పక్షానికీ చెందని పెద్దమనుషులు చూసి, పంచనామా మీద సంతకం పెట్టాలి. ఆ ఇద్దరినీ కూడా గుమాస్తానే తెచ్చాడు. ఇద్దరూ దుకాణంలో పనిచేసేవాళ్లే. నేను చూశాను, ఏమీ అనలేదు.

వాడంతా వెతికాము. కుండలు దించాము, ధాన్యపు గుమ్ములు తట్టాము, ఇండ్లలో మట్టినేల మీద ఇనుప కడ్డీలు గుచ్చి చూశాము, ఎందుకంటే సారా కాయడానికి పులియబెట్టిన బెల్లపు ఊటను కుండల్లో పోసి నేలలో పాతిపెట్టడం రివాజు. ఎక్కడా ఏమీ దొరకలేదు. మామూలుగా సోదా అంటే ఏడుపులు, శాపనార్థాలు ఉంటాయి. ఇక్కడ అందరూ బయటికి వచ్చి గోడల నీడన నిలబడి చూస్తున్నారు. ఒక ఇంట్లో రాజలింగు కడ్డీతో తవ్విన గుంతను ఇల్లాలు మేం గడప దాటకముందే మట్టి వేసి అలకడం మొదలుపెట్టింది.

వెనక్కి తిరుగుదామనుకుంటుంటే గుమాస్తా వాడ చివరి పెంకుటింటిని చూపించాడు. "గా గుడి ఇంకా సూడలే."

అది వాళ్ల ప్రార్థనా మందిరం. ఒకే గది. వాకిట్లో అరవై ఏళ్లు దాటిన స్త్రీ నిలబడి ఉంది. పేరు ఎస్తేరమ్మ. ఆ సంఘానికి పెద్ద. పాస్టరు కరీంనగర్‌లో ఉంటాడు, నెలకొకసారి సైకిలు మీద వస్తాడు. మిగతా రోజుల్లో ప్రార్థన నడిపించేది, మందిరం ఊడ్చేది, కాన్పులు చేసేది ఆమే. అడ్డం రాలేదు. తలుపు తానే తీసింది.

లోపల ఒక బల్ల, దాని మీద ఊదారంగు గుడ్డ. బల్ల వెనుక మూలకు ఇసుకలో సగం దాకా పూడ్చి ఒక జాడీ. రాజలింగు మూత తీయగానే తీపి, పులుపు కలిసిన వాసన గదంతా నిండింది. గుమాస్తా చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"అది సారా గాదు సారూ," అంది ఎస్తేరమ్మ. "ఎండు ద్రాక్షలు నానవెట్టిన. పండుగనాడు ప్రభువు బల్ల ఉంటది. అందరికీ జరంత జరంత వోస్తం. ఏడాదికి ఒక్కపారి."

నేను ఆగాను. చర్చిలో ద్రాక్షరసం ఇస్తారని విని ఉన్నాను. శాఖ దగ్గర దానికి అనుమతి తీసుకునే వీలు కూడా ఉంది. ఆ సంగతి ఆ వాడకు తెలియదు. నేను కూడా స్టేషన్‌కు పోయి నిబంధనలు తిరగేసేదాకా గట్టిగా చెప్పలేకపోయేవాణ్ణి. కాని రాజలింగు అప్పటికే నమూనా సీసా నింపి, బిరడా పెట్టి, లక్క కరిగిస్తున్నాడు. ఊట దొరికితే నమూనా తీసి, మిగిలినది అక్కడికక్కడే పారబోయడం పద్ధతి. వందసార్లు చేసిన పని. నేను గుమాస్తాతో మాట్లాడి తిరిగి చూసేలోపల రాజలింగు జాడీని వాకిట్లోకి తీసుకుపోయి వంచేశాడు.

ఒక ముసలాయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, ఆ తడిసిన మట్టి మీద పరిచి, ఎవరూ తొక్కకుండా పక్కన నిలబడ్డాడు. నా బూట్లు ఆ తడి అంచునే ఉన్నాయి. వెనక్కి తీసుకున్నాను. రాజలింగు ఖాళీ జాడీ పట్టుకుని నా ముఖం చూశాడు. పద్ధతి ప్రకారమే చేశాడు, అతన్ని అనడానికి ఏమీ లేదు.

"ఎవరిది గీ జాడీ?" అని అడిగాడు గుమాస్తా. అడిగే అధికారం అతనికి లేదు.

"నాది. నేనే నానవెట్టిన," అంది ఎస్తేరమ్మ.

దొంగసరుకు స్వాధీనంలో ఉంచుకున్న మనిషి దొరికితే స్టేషన్‌కు తేవాలి. తెచ్చాము. జీపు వెనుక భాగంలో జాడీ పక్కన కూర్చుంది. ముందు గుమాస్తా కూర్చున్నాడు. బజారులో సారా దుకాణం ముందు జీపు కావాలనే నెమ్మదైంది. గుమాస్తా బయటికి వంగి, "ఒక్కపొద్దులోళ్ల అవ్వ గుడిల సారా కాస్తుంది సూడుండ్రో!" అని కేక వేశాడు. నవ్వులు వినిపించాయి. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను, ఒంటి మీద సర్కారు ఇచ్చిన ఖాకీ ఉంది, నడుముకు బెల్టుంది. డ్రైవరును పోనివ్వమని కూడా అనలేదు.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ముట్టలేదు. "పొద్దు గూకినంకనే సారూ," అంది.

"గిన్ని దినాలు ఎందుకవ్వా గీ ఒక్కపొద్దులు?" అని అడిగాను. తప్పు చేసినవాణ్ణి కనుక మంచిగా మాట్లాడాలనిపించింది. దానికి మించి ఆ ప్రశ్నలో ఏమీ లేదు.

ఆమె మాత్రం అడిగిన దానికి సమాధానం చెప్పింది. బూడిద బుధవారంతో మొదలుపెడతారు. మట్టితో పుట్టిన మనిషి మట్టిలో కలుస్తాడని గుర్తు చేసుకునే రోజు అది. అక్కడి నుంచి ఈస్టరు దాకా నలభై రోజులు, ఆదివారాలు లెక్కలోకి రావు, ఆ రోజు తింటారు. ఈ రోజుల్లో పెండ్లిళ్లు పెట్టుకోరు. సాయంత్రం పూట వంతుల వారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన ఉంటుంది. మానుకున్న పూట బియ్యం పిడికెడు తీసిపెట్టి ఎవరూ లేని ముసలివాళ్లకు ఇస్తారు. చివరి వారం మట్టలాదివారం. ఈత మట్టలు పట్టుకుని వాడంతా తిరుగుతారు. తర్వాత శుక్రవారం ప్రభువు సిలువ మీద చనిపోయిన రోజు, ఆ పూట పొయ్యి వెలిగించరు. ఆదివారం పండుగ.

"మా ప్రభువు అడవిల నలభై దినాలు ఏం దినకుంట ఉన్నడు. శైతాను అచ్చి ఆశ వెట్టినా లొంగలే. గందుకే మేం గూడ ఉంటం," అంది. "ఉత్తగ తిండి మానుడు గాదు సారూ. ఏది ఇడిస్తే పానం గుంజుతదో గది ఇడువాలె. మా మొగోళ్లు సారా ఇడిసిండ్రు. నా ఆడిబిడ్డ రాహేలు నస్యం ఇడిసింది. నేను..." చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "నేను కోపం ఇడిసిన. రాహేలుతోని ఏడేండ్ల సంది మాటల్లేవు నాకు. గిప్పుడు పొద్దుగాల్ల నీళ్లకు బాయికాడికి ఇద్దరం గలిసి పోతున్నం. సారా ఇడుసుడే అల్కగున్నదేమో అనిపిస్తది ఒక్కొక్కపాలి," అని కొంచెం నవ్వింది.

అప్పుడే కొడుకు పేరు చెప్పింది. దేవదానం. వాడలో అందరికంటే ఎక్కువ తాగేవాడు. భార్య పుట్టింటికి పోయింది, బావిలో పని పోయింది. ఈసారి బూడిద బుధవారంనాడు తానే లేచి నిలబడి, ఈ నలభై దినాలు ముట్టనని అందరి ముందు చెప్పాడు. అతను నిలబడ్డాడని మిగతావాళ్లు నిలబడ్డారు. "పదేండ్లల మొదటిపారి నా కొడుకు పొద్దుగూకినంక ఇంట్ల కూసున్నడు సారూ. ముచ్చట వెట్టిండు," అంది.

ఆ దేవదానం వాడ నుంచి జీపు వెంటే నడిచి వచ్చి, మధ్యాహ్నానికి స్టేషన్ వరండాలో నిలబడ్డాడు.

లోపల ఇన్‌స్పెక్టర్ గదిలో నర్సింగరావు కూర్చుని ఉన్నాడు. నన్ను పిలిచారు. నేను చూసింది చెప్పాను. అది ద్రాక్షరసమని, ఆరాధన కోసమని, నమూనా హైదరాబాదు రసాయన పరీక్షకు పోయి ఫలితం రావడానికి వారాలు పడుతుందని, ఈలోపు ముసలామెను సొంత పూచీ మీద వదిలిపెట్టవచ్చునని అన్నాను. ఇన్‌స్పెక్టర్ నావైపు ఒకసారి చూసి, ప్రొబేషన్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సెప్టెంబరుకని చెప్పాను. ఆ తర్వాత నేను మళ్లీ నోరు తెరవలేదు.

"ముసలిదాన్ని జైల్ల వెట్టుడు నాకెందుకు సాబ్?" అన్నాడు నర్సింగరావు నెమ్మదిగా. "నాకామెతోని పగ లేదు. దుకాణం నడువాలె, గంతే. ఆమె కొడుకు బయటనే ఉన్నడట గద, పిలువుండ్రి."

దేవదానాన్ని లోపలికి పిలిచారు. పొడుగాటి మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నర్సింగరావు అతనికి కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"కేసంటే కరీంనగర్ కోర్టు, వాయిదాలు, జైలు. గీ ఈడుకు మీ అవ్వ ఓర్సుకుంటదా? కేసు లేకుంట జేయచ్చు. నువ్వు పెద్దమనిషివి, నీ మాట మీదనే గద వాడ దుకాణం దిక్కు సూస్తలేదు. ఇయ్యాల పోయి నలుగురి ముందట ఒక గిలాస తాగు. పొద్దుగూకేవరకు మీ అవ్వ ఇంట్ల ఉంటది."

దేవదానం ఇన్‌స్పెక్టర్‌ను చూశాడు. ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. తర్వాత నన్ను చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"మా అవ్వను ఇడుస్తరా? మాట తప్పరు గద?" అని అడిగాడు.

బయటికి వచ్చాక వరండాలో నా చేయి పట్టుకున్నాడు. "సారూ, అవ్వకు జెప్పద్దు. తన కోసం తాగిన్నని ఎర్కయితే ఆమె బతుకది. నేనే ఆగలేక తాగిన్ననుకోనియ్యుండ్రి. అనుకునుడు ఆమెకు అలవాటే." చెప్పనని మాట ఇచ్చాను.

అతను బజారుకు పోయాడు. నేను వెంట పోలేదు. దుకాణం ముందు నిలబెట్టి అందరినీ పిలిచి మరీ పోశారని, ఒక గ్లాసుతో ఆపనివ్వలేదని రాజలింగు వచ్చి చెప్పాడు. చెప్పి, టోపీ బల్ల మీద పెట్టి, ఆ రోజుకు సెలవు అడిగి వెళ్లిపోయాడు.

పొద్దుగూకే వేళకు ఎస్తేరమ్మను పంపమన్నారు. కేసు లేదని మాత్రం చెప్పాను. ఆమె దేవునికి దండం పెట్టుకుని, నాకూ పెట్టింది. ఒంటరిగా పంపడం ఇష్టంలేక బజారు దాటేదాకా వెంట నడిచాను. సారా దుకాణం పక్కన మోరీ గట్టు మీద దేవదానం పడి ఉన్నాడు. చొక్కా మీద కక్కుకున్నాడు. చుట్టూ ఒకరిద్దరు నవ్వుతున్నారు.

ఆమె ఆగిపోయింది. కాసేపటికి నాకు, అతనికి మధ్యకు వచ్చి నిలబడింది.

"సారూ, మీరు సూడకుండ్రి," అంది.

ఏ తల్లికీ అలా అడగవలసి రాకూడదు. అడిగించుకున్నది నేను. తల దించుకుని వెనక్కి తిరిగాను. ఆమె అతన్ని ఎలా లేపిందో, ఎలా నడిపించుకుపోయిందో నాకు తెలియదు. ఆ రాత్రి మెస్సులో అన్నం ముందు కూర్చుని లేచాను. మరునాడు యథావిధిగా యూనిఫాం వేసుకున్నాను.

దేవదానం తాగాడని తెలిశాక వాడలో కొందరు మళ్లీ దుకాణం ముఖం పట్టారు. చాలామంది పట్టలేదు. నర్సింగరావుకు ఆ మాత్రం చాలు. కేసు ఏమీ లేనట్టు మూసేశారు. స్వాధీనం చేసుకున్న జాడీని సొంతదారుకు తిరిగి ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఆ పని నాకు అప్పగించారు. వారాల పాటు వాయిదా వేశాను. చివరికి ఈస్టరునాడు ఉదయం, పండుగకు అందరూ ఒక్కచోట ఉంటారు, సాక్షులు దొరుకుతారు అని నాకు నేనే సాకు చెప్పుకుని సైకిలు వెనుక జాడీ కట్టుకుని పోయాను.

మందిరంలో ఆరాధన జరుగుతోంది. బల్ల మీద ఊదా గుడ్డ తీసి తెల్లది పరిచారు. పాస్టరు కరీంనగర్ నుంచి చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చాడు. వాడంతటికీ చాలదని నీళ్లు కలిపారట. నేను బూట్లు విప్పి వాకిట్లోనే జాడీతో నిలబడ్డాను. దేవదానం కూడా బయటే ఉన్నాడు, గడప పక్కన గోడకు ఆనుకుని. ఆ రోజు తాగి లేడు. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు.

ప్రభువు బల్ల దగ్గరికి పిలిచే ముందు పాస్టరు దీక్ష తప్పినవాళ్లు ఎవరైనా ఉంటే ఒప్పుకుని రావాలన్నాడు. ఇద్దరు ముగ్గురు లేచి ఒప్పుకున్నారు. దేవదానం కదల్లేదు. పాస్టరు అతన్ని పేరు పెట్టి పిలిచి, మొదట మాట ఇచ్చిందీ నువ్వే, మొదట తప్పిందీ నువ్వే, ఎందుకు తప్పావని అడిగాడు. కోపంగా అడగలేదు.

లోపల నుంచి ఎస్తేరమ్మ లేచింది. కొంగు తల మీద కప్పుకుని ఉంది. "వాని తప్పు గాదు అయ్యగారూ. నా పెంపకమే మంచిగ లేకుండె. అవ్వను పట్కపోయిన దినం సుత ఆగలేకపాయె. గా సిగ్గు నాది. నేను ఇయ్యాల బల్ల ముట్ట," అంది.

ఆమె అందరి ముందు తల వంచుకుని నిలబడింది. నా చేతుల్లో ఆమె జాడీ ఉంది. అతనికి ఇచ్చిన మాట ఉంది. ఏది తప్పినా తప్పే. మాట తప్పాను.

"అవ్వా, నీ కొడుకు ఆగలేక తాగలే," అన్నాను గడప బయటి నుంచే. "ఆయన తాగితేనే నిన్ను ఇడుస్తమన్నరు. మా స్టేషన్లనే అన్నరు. నేను గా గదిలనే ఉన్న. అద్దని గట్టిగ అనలే. సిగ్గు నీది గాదు, ఆయనది గాదు. మాది."

దేవదానం నావైపు చూసిన చూపులో కృతజ్ఞత లేదు. "జెప్పద్దంటి గద సారూ," అన్నాడు.

ఎస్తేరమ్మ జనం మధ్య నుంచి గడప దాకా వచ్చింది. "నిజమేనారా?" అంది. అతను తల ఊపాడు. ఆమె ముఖంలో జాలి వస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. "నన్నెందుకు అడుగలే? నేను జైలుకు పోకపోదునా? గన్ని దినాల సంది నిన్ను ఏమేమో అనుకున్న, మొఖం సూడలే. గా పాపం నా నెత్తిన ఎందుకు వెడ్తివి కొడుకా?" అని అతని భుజం మీద చేత్తో కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆ చేయి అక్కడే ఉండిపోయింది.

ఆ చేత్తోనే అతన్ని లోపలికి నడిపించుకుపోయి బల్ల ముందు నిలబెట్టింది. "అయ్యగారూ, ముందుగాల వీనికియ్యుండ్రి," అంది. సంఘ పెద్దగా మొదటి వంతు ఆమెది. పాస్టరు గిన్నె దేవదానం చేతికి ఇచ్చాడు.

జాడీ గడప దగ్గర పెట్టాను. సంతకం ఎస్తేరమ్మ బదులు ఆమె ఆడబిడ్డ రాహేలమ్మ పెట్టింది, పెట్టేటప్పుడు నా ముఖం చూడలేదు. ఆ వాడలో నన్ను ఎవరూ తిట్టలేదు, క్షమించామనీ అనలేదు. సైకిలు తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నానికి సంగతి నర్సింగరావుకు చేరింది. నెలలోపే నన్ను ఆదిలాబాదు జిల్లాలో జైనూరు దిక్కు అడవి ప్రాంతానికి మార్చారు. ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. శిక్ష అని ఎవరూ అనలేదు. ఉత్తర్వులో పరిపాలనా సౌలభ్యం కోసమని ఉంది.

దేవదానాన్ని మళ్లీ తొంభైల మొదట్లో మందమర్రిలో చూశాను. బావిలో పని మళ్లీ దొరికింది, భార్య తిరిగి వచ్చింది. ఎస్తేరమ్మ అంతకు రెండేళ్ల ముందు పోయింది. తాగుడు మానావా అని అడిగాను. "మానలే సారూ," అన్నాడు దాచకుండా. "ఒక్కపొద్దులప్పుడు మాత్రం ముట్ట. గా నలభై దినాలు నావి. మిగిలినయి ఇంకా నా చేతికి రాలే." ఆ తర్వాత ఇద్దరం చాయ్ తాగాము. పాత సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ముప్పై ఏళ్లకు దగ్గరగా చేసిన సర్వీసులో ఆ కేసు నుంచి నేర్చుకున్నది రెండు సంగతులు. మొదటిది: ఫిర్యాదు చేతికి రాగానే నేరం ఎక్కడ జరిగిందని కాక, ఈ ఫిర్యాదు వల్ల ఎవరికి లాభమని ముందు అడగాలి. సొంత పెట్రోలు లేని జీపులో కూర్చున్న అధికారి ఆ ప్రశ్న అడగలేడు. రెండవది: పైఅధికారి ముందు అభ్యంతరం ఒక్కసారి చెప్పి ఊరుకుంటే, శాఖ దాన్ని ఒప్పుకోలుగానే లెక్కిస్తుంది. అందులో శాఖ తప్పేమీ లేదు. నేను ఆ గదిలో చేసింది ఒప్పుకోవడమే.